అంతోనివారితో బేరం

నేను పనిచేసేది బంగారం మీద అప్పులిచ్చే బ్రాంచిలో. ఈ లైనులో ఉన్నవాళ్ళెవరిని అడిగినా చెబుతారు, మంగళవారం కొత్త లోన్లు తక్కువని. ఆ రోజు చేసిన అప్పు ఓ పట్టాన తీరదని జనం నమ్మకం. తీర్చడానికి మాత్రం మంచి రోజేనట. అందుకని వడ్డీ కట్టేవాళ్ళూ, నగ విడిపించుకునేవాళ్ళూ తప్ప తాకట్టుకి పెద్దగా ఎవరూ రారు. నా గీటురాయికి కాస్త విశ్రాంతి. సాయంత్రం వేళకి బయటపడి సికింద్రాబాద్ మెట్టుగూడలో పునీత అంతోనివారి గుడికి, అంటే సెయింట్ ఆంథోనీ చర్చికి, వెళ్ళగలుగుతున్నానంటే ఆ నమ్మకం చలవే. పంచాంగం పుణ్యమా అని ఒక క్యాథలిక్కుకి నొవేనా, అంటే వరసగా చేసే మొక్కు ప్రార్థన, దక్కుతోంది.

మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం. చిన్నప్పుడు మాకు బాలయేసు గుడే లోకం. అంతోనివారంటే పక్కన ఎక్కడో గోధుమరంగు అంగీ వేసుకుని, చేతిలో బాలయేసుని ఎత్తుకుని నిలబడే స్వరూపం, అంతే. లాలాగూడ రైల్వే కుటుంబానికి కోడలిగా వచ్చాకే ఆయన ఇంటి మనిషయ్యాడు. మా అత్తమ్మ కాజీపేట ఫాతిమానగర్‌లో పుట్టి పెరిగింది. తాళంచెవి కనబడకపోతే ఆవిడ వెతకడం మొదలుపెట్టదు. ముందు "అంతోనయ్యా, జర చూడు" అని ఆయనకి చెప్పి, ఆ తర్వాత లేస్తుంది.

మంగళవారం నొవేనాకి వచ్చేవాళ్ళలో చాలామంది మా విచారణ (పారిష్) వాళ్ళు కారు. చాలామంది అసలు క్రైస్తవులే కారు. మెడలో కంపెనీ ఐడీ కార్డు తీయకుండానే వచ్చే కుర్రాళ్ళు, డ్యూటీ దిగి తెల్ల బూట్లతోనే వచ్చే నర్సులు, వీసా స్లాటు కోసం ఎదురుచూస్తున్న పిల్లలు, కోర్టు కాగితాల కవరు చంకలో పెట్టుకున్న పెద్దాయన. కొందరు చెప్పులు బయటే వదులుతారు. స్వరూపం పాదాలు తాకి కళ్ళకద్దుకుంటారు. నుదుట కుంకుమ, చేతిలో కొవ్వొత్తుల కట్ట, మల్లెపూల మూర. అప్పుడప్పుడు వెనక వరసలో బురఖా వేసుకున్న ఒకావిడ కనిపిస్తుంది. ఆవిడెవరని ఎవరూ అడగరు. అడిగే అలవాటు ఈ ఊళ్ళో లేదు. మూసారాంబాగ్‌కి ఆ పేరు వచ్చింది రేమాండ్ అనే ఫ్రెంచి సేనాని వల్లే కదా. 1798లో ఆయన చనిపోతే ముస్లింలు మూసా రహీం అని, హిందువులు మూసా రామ్ అని పిలుచుకుని సమాధి దగ్గర దణ్ణాలు పెట్టుకున్నారు. ఫిరంగులు పోతపోయించిన దొరనే అలా కలుపుకున్న జనానికి చేతిలో పసిబిడ్డ ఉన్న సన్యాసి ఒక లెక్కా!

మా పై ఇంటి ఆంటీ సంగతి చెప్పాలి. ఆవిడ మంగళవారం పొద్దున తాడ్‌బండ్ ఆంజనేయస్వామి దగ్గరికి వెళ్తుంది, సాయంత్రం నాతో మెట్టుగూడ వస్తుంది. రెండు చోట్లకీ ఎందుకాంటీ అంటే, "పొద్దున ధైర్యానికి, సాయంత్రం పనికి" అంది. ఆవిడ రావడం మొదలైంది ఒక లింకు డాక్యుమెంటు వల్ల. ఇల్లు తనఖా పెట్టి బ్యాంకు లోను తీసుకుందామంటే పాత రిజిస్ట్రేషన్ కాగితం కనబడలేదు. ఇల్లంతా తిరగేశారు. నేను మాటవరసకి అంతోనివారి పేరు చెప్పాను. బీరువా అరలో చీరల కింద పరిచిన న్యూస్‌పేపరు కింద దొరికింది. అది అక్కడ పెట్టింది నేనే, ఇప్పుడు గుర్తొచ్చింది అంటారు అంకుల్. "పెట్టింది మీరే, చూపించింది ఆయన" అంటుంది ఆంటీ. ఆ వాదన ఇంకా తెగలేదు.

నిజానికి ఆయన పోయిన వస్తువులు వెతికిపెట్టే మనిషేం కాదు. 1195లో లిస్బన్‌లో పుట్టిన పోర్చుగీసు వాడు, అసలు పేరు ఫెర్నాండో. మొరాకోలో చంపేసిన ఐదుగురు ఫ్రాన్సిస్కన్ సన్యాసుల అవశేషాలు అప్పుడు తనున్న కొయింబ్రా పట్నానికి రావడం చూసి, 1220లో ఆ సభలో చేరి పేరు మార్చుకున్నాడు. గొప్ప చదువరి, అంతకు మించిన ప్రసంగీకుడు. ఆ చదువుకు గుర్తింపుగా పోపు 12వ పయస్ 1946లో ఆయనకి తిరుసభ (క్యాథలిక్ సంఘం) పండితుడన్న బిరుదిచ్చాడు. జనం మాత్రం తాళంచెవులు అప్పజెప్పారు. దానికి వెనక ఒక కథ ఉంది. పాఠాలు చెప్పడానికి తను రాసుకున్న గుర్తులన్నీ ఉన్న కీర్తనల పుస్తకాన్ని, సభలో కొత్తగా చేరిన కుర్రాడొకడు పారిపోతూ పట్టుకుపోయాడట. అచ్చు పుస్తకాలు లేని కాలం. ఒక పుస్తకం పోవడమంటే ఏళ్ళ పని పోవడం. ఆయన ప్రార్థన చేశాడు, కుర్రాడు పుస్తకంతో వెనక్కి వచ్చాడు. మా అత్తమ్మ దృష్టిలో ఈ కథలో అద్భుతం పుస్తకం దొరకడం కాదు, పిల్లగాడు మళ్ళీ మఠానికి రావడం. నాకూ అదే నచ్చుతుంది.

మంగళవారం ఎలా వచ్చిందంటే, ఆయన 1231 జూన్ 13 శుక్రవారం నాడు ఇటలీలో పాదువా ఊరి బయట కన్నుమూశాడు. శరీరం మాకు కావాలంటే మాకు కావాలని రెండు పేటల వాళ్ళు గొడవపడ్డారు. అది సర్దుకుని ఊళ్ళోకి తెచ్చి పాతిపెట్టేసరికి మంగళవారం అయింది. ఏడాది తిరక్కుండానే, 1232 మే 30న, పోపు 9వ గ్రెగరీ ఆయన్ని పునీతుడిగా ప్రకటించాడు. అంటే రోము ఒప్పుకోకముందే జనం ఒప్పేసుకున్నారు. శవం కోసం కొట్టుకునేవాళ్ళకి పోపుగారి సంతకం దాకా ఓపిక ఎక్కడుంటుంది?

మా ఆడపడుచు కొన్నేళ్ళ కిందట పెంతెకోస్తు సంఘంలో చేరింది. మంచి పిల్ల, కానీ అంతోనివారి పేరు ఎత్తితే చాలు మొదలుపెడుతుంది. "వదినా, అది విగ్రహారాధన. మీరు ఏసుప్రభువుని పక్కన పెట్టి గ్రామదేవతని తయారుచేసుకున్నారు. కొబ్బరికాయ ఒక్కటే తక్కువ." గుణదల మరియమాత గుడిలో ఆ కొబ్బరికాయా ఉంది, తలనీలాలూ ఉన్నాయి అని నేను చెప్పను, ఎందుకొచ్చిన గొడవ. ఫాదర్ చెప్పే జవాబు ఇస్తాను: ఆరాధన దేవుడికే, పునీతులకి గౌరవం, వాళ్ళు మన తరఫున అడుగుతారు, ఇచ్చేది ఆయనే. ఈ జవాబు సరైనదే. కాకపోతే మంగళవారం పూట కొవ్వొత్తి పట్టుకున్నవాళ్ళలో ఎంతమంది ఆ తేడా మనసులో పెట్టుకుని వెలిగిస్తారో చెప్పలేను.

నాకు అసలు చిరాకు తెప్పించేది ఆడపడుచు కాదు, మాలోనే కొంతమంది చదువుకున్నవాళ్ళు. "ఇవన్నీ హిందువుల అలవాట్లు, మనవాళ్ళకి అంటుకున్నాయి. మొక్కులు, ముడుపులు యూరప్‌లో ఉండవు" అంటారు. యూరప్ అంటే వీళ్ళు ఏమనుకుంటున్నారో! పాదువాలో ఆయన సమాధి దగ్గర జనం ఇప్పటికీ చెయ్యి ఆనించి నిలబడతారు. తేరుకున్న రోగుల ఫొటోలు, పసిపిల్లల ఫొటోలు, నుజ్జయిన కార్ల ఫొటోలు తెచ్చి పెడతారు. ఆ ఊళ్ళో ఆయన పేరు కూడా అక్కర్లేదు, "పునీతుడు" అంటే ఆయనే.

అంతకంటే పాత సంగతి ఒకటుంది. తొమ్మసీనో అని ఇరవై నెలల పిల్లవాడు పాదువాలో నీళ్ళ తొట్టిలో పడి చనిపోయాడు. తల్లి ఏడుస్తూ అంతోనివారికి మొక్కుకుంది: నా బిడ్డ బతికితే వాడి బరువెత్తు గోధుమలు పేదలకి పెడతాను. బిడ్డ లేచాడని, ఆమె మొక్కు తీర్చిందని ఆయన జీవిత చరిత్రల్లో రాశారు. అప్పటినుంచి తల్లులు బిడ్డల్ని తక్కెట్లో పెట్టి తూచి ధాన్యం ఇవ్వడం అక్కడ ఆచారమైంది.

ఈ కథ మొదటిసారి చదివి వినిపించినప్పుడు మా అత్తమ్మ జపమాల పక్కన పెట్టి, "ఇది మేడారం ముచ్చట కదనే" అంది. కాజీపేటలో ఆవిడ చిన్నతనమంతా రెండేళ్ళకోసారి మేడారం పోయే బండ్లు చూసింది. సమ్మక్క సారలమ్మలకి నిలువెత్తు బంగారం మొక్కుకోవడం, పిల్లని తక్కెట్లో కూచోబెట్టి అంత ఎత్తు బెల్లం తూచివ్వడం. బెల్లాన్నే అక్కడ బంగారం అంటారు. ఇరుగుపొరుగు పిల్లల్ని తూచిన కబుర్లు ఆవిడకి ఇప్పటికీ గుర్తు. ఎవరి బిడ్డ ఎన్ని సేర్లు తూగిందో కూడా చెప్తుంది, నిజమో కాదో దేవుడికెరుక. "అక్కడోళ్ళకి మనం చెప్పినమా, మనకి వాళ్ళు చెప్పిన్రా? బిడ్డ బతికితే ఎవలైనా ఇస్తరు, ఇంకేమిస్తరు, బిడ్డంత ఇస్తరు" అని తేల్చేసింది. నేను రోజూ గ్రాముల్లో తూచే మనిషిని. బిడ్డ బరువుకి సరిపడా ఇవ్వడం అనే లెక్క నాకు ఏ ధర్మశాస్త్రం కంటే తొందరగా అర్థమైంది.

లిస్బన్ వాళ్ళ సంగతి చెబితే మాత్రం ఆవిడ హడలిపోయింది. అక్కడా, బ్రెజిల్‌లోనూ అంతోనివారు పెళ్ళిళ్ళ పెద్ద. సంబంధం కుదరని ఆడపిల్లలు ఆయన బొమ్మని తలకిందులుగా నిలబెడతారు. అప్పటికీ వినకపోతే చేతిలోని బాలయేసుని తీసి దాచేస్తారు, మొగుణ్ణి చూపించాకే బిడ్డని తిరిగిస్తారట. బ్రెజిల్‌లో ప్రేమికుల రోజు ఫిబ్రవరిలో కాదు, అంతోనివారి పండగ ముందు రోజు, జూన్ 12న. "కండ్లు పోతయ్!" అని చెంపలేసుకుంది అత్తమ్మ. కాసేపాగి, "గట్ల చేస్తే అయితున్నాయా మరి పెండ్లిళ్ళు?" అని అడిగింది. ఇంట్లో పెళ్ళి కావలసిన మనవరాలు ఉంది లెండి. పోర్చుగల్ సైన్యం 1668లో ఆయన్ని సిపాయిగా చేర్చుకుని, తర్వాత కెప్టెన్‌గా ప్రమోషన్ కూడా ఇచ్చిందని మామయ్యకి చెబితే, రైల్వేలో రిటైరైన మనిషి కదా, "పెన్షన్ ఎవరికి శాంక్షన్ చేశారు?" అన్నాడు.

కాబట్టి బేరం పెట్టడం మన దగ్గర అంటుకున్న జబ్బేం కాదు. ఆయన వెంట మొదటినుంచీ ఉన్నదే.

నా వృత్తి వల్ల కాబోలు, ఆయన జీవితంలో నాకు బాగా పట్టుకున్నది వేరే విషయం. పాదువాలో అప్పట్లో వడ్డీవ్యాపారులు ఊరిని పీల్చేస్తుండేవారు. అప్పు తీర్చలేనివాణ్ణి జైల్లో వేసేవారు, డబ్బు కట్టేదాకా అక్కడే. అంతోనివారు ప్రసంగాల్లో వడ్డీవ్యాపారుల్ని ఉతికి ఆరేశారు. ప్రసంగంతో ఆగలేదు. 1231 మార్చి 15న పాదువా నగరం ఒక చట్టం చేసింది: అప్పు పడ్డవాడు తన ఆస్తి అప్పగించేస్తే ఆపైన అతణ్ణి జైల్లో పెట్టకూడదు. అంతోని సహోదరుడి విన్నపం మీద చేస్తున్నామని ఆ చట్టంలోనే రాశారు. ఆ తర్వాత మూడు నెలలకే ఆయన చనిపోయాడు. పునీతుల అద్భుతాల గురించి అడిగితే నేను చెప్పేది ఇదే. పోయిన ఉంగరం దొరకడానికి పక్కింటివాడి మంచితనం చాలు. అప్పులిచ్చేవాళ్ళ చేత చట్టం ఒప్పించడానికి ఎంత కావాలో నాకు తెలుసు.

మా బ్రాంచి పేరు చెప్పను గానీ, వేలం నోటీసులు నా చేతుల మీదుగానే వెళ్తాయి. గాజులు, నల్లపూసలు, పిల్లల మొలతాళ్ళు. ఒకసారి ఒకావిడ సన్న గొలుసు తెచ్చింది. దానికి అంతోనివారి పతకం. పతకం బంగారం కాదు, మేం ఎలాగూ దాన్ని లెక్కలోకి తీసుకోం. ఆ మాట నేను చెప్పేలోపే ఆవిడ గోటితో లంకె విప్పి పతకం తీసేసుకుంది. "ఈయన్ని మాత్రం తాకట్టు పెట్టనమ్మా, విడిపించాల్సింది ఈయనే" అంది. క్యాథలిక్ అనుకుని ఏ విచారణ అని అడిగాను. మల్కాజిగిరి అమ్మా, మాది కటిక హిందువుల ఇల్లు, మా పనిచేసే చోట సిస్టరు ఇచ్చింది అని చెప్పింది. గొలుసు తూకం రాసుకుని, స్లిప్పు ఇచ్చి పంపాను. నేను చేయగలిగింది అంతే. ఆ రోజు మంగళవారం కాదు.

గుడిలో ఇచ్చే విన్నపాల చీటీల్లోనూ అప్పులే ఎక్కువగా వినిపిస్తాయి. పేర్లు చదవరు, కోరికలు మాత్రమే చదువుతారు. ఉద్యోగం, సంతానం, తాగుడు మానాలి, ప్రైవేటు ఫైనాన్సు వాళ్ళ వేధింపు ఆగాలి, ఫోనులో తీసుకున్న లోను తీరాలి. ఆ చివరి రెండూ చదివినప్పుడు నా పక్కన ఎవరో ఒకరు గట్టిగా "ప్రార్థన ఆలకించు" అంటారు. అవి రాసింది వాళ్ళేనని నా అనుమానం.

మొక్కు తీర్చే పద్ధతుల్లో నాకు నచ్చేది రొట్టె. 1890లో ఫ్రాన్సు తూలోన్ పట్నంలో లూయిజ్ బుఫియే అనే ఆవిడ దుకాణం తాళం బిగుసుకుపోయింది. తలుపు పగలగొట్టడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడు. తలుపు విరక్కుండా తెరుచుకుంటే పేదలకి రొట్టెలిస్తానని అంతోనివారికి మొక్కుకుంది, తాళం వచ్చింది. ఆ దుకాణం వెనక గదిలో స్వరూపం పెడితే ఊరి జనం వచ్చి మొక్కుకోవడం, రొట్టెల డబ్బు వేయడం మొదలైంది. అంతోనివారి రొట్టె అని లోకమంతా పాకింది అలాగే. మా దగ్గరా పండగనాడు ఆశీర్వదించిన రొట్టె పంచుతారు. పై ఇంటి ఆంటీ మొక్కు తీరినప్పుడల్లా బన్నుల ప్యాకెట్లు కొని మెట్రో స్టేషన్ కింద పడుకునేవాళ్ళకి ఇస్తుంది, గుడి లోపలికి కూడా తేదు. "ఆయనకెందుకు, ఆయన తింటాడా" అంటుంది.

నచ్చనిది వాట్సాప్ మొక్కు. "ఈ అంతోనివారి ఫొటో పదమూడు మందికి పంపండి, పదమూడు గంటల్లో శుభవార్త. తెంచితే నష్టం." ఎవరి ఆకలీ తీరని, ఎవరి జేబూ కదలని మొక్కు అది. పైగా బెదిరింపు ఒకటి. మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చినప్పుడల్లా నేను తుడిచేస్తాను, ఇంతవరకు ఏ నష్టమూ రాలేదు. ఆడపడుచు కూడా ఈ ఒక్క విషయంలో నాతో ఏకీభవిస్తుంది.

పదమూడు మంగళవారాల గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి చెప్పేస్తాను. జూన్ 13 పండగకి ముందు వచ్చే పదమూడు మంగళవారాలు వరసగా పట్టాలి. వెనక్కి లెక్కేస్తే మొదటిది మార్చి 14కీ 20కీ మధ్యలో వస్తుంది. ఏ ఏడాదైనా అది మాకు తపస్కాలం, అంటే ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాస కాలం, ఎలాగూ మాంసం మానేసిన రోజులు. క్యాథలిక్కులకి పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం), దివ్య సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) కూడా ఉంటాయి. మిగతావాళ్ళు వచ్చి కూర్చుని ప్రార్థనలో కలవొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మధ్యలో ఒక వారం తప్పితే ఏమవుతుందని టెన్షన్ పడేవాళ్ళున్నారు. ఏమీ కాదు, ఆయన ఈఎంఐ వసూలు చేసేవాడు కాదు.

ఈసారి ఆంటీ కూడా పడతానంది. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. క్యాలెండరు తీసి తేదీలన్నీ గుండ్రంగా చుట్టి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసింది. అమావాస్యలు ఏ రోజు పడుతున్నాయో చూసింది. ఉగాది ఎప్పుడో చూసింది. "జూన్ 13కి అయిపోతాయి కదా? అప్పటికి ఆషాఢం రాదు కదా? లష్కర్ బోనాల్లో అమ్మవారికి నాకు మొక్కుంది, అది తప్పించలేను" అంది. రాదాంటీ, జ్యేష్ఠంలోనే అయిపోతాయి అన్నాను. "అయితే రాసుకో" అంది.